డైపర్ కింద ఆ ట్యూబు వద్దు!

పసిపాప పిరుదులు ఎర్రగా కందిపోయాయి. తొడల సందుల్లో ఒరిసిపోయింది. నీళ్లు తగిలితే చాలు, గుక్కపట్టి ఏడుస్తోంది. ఇంట్లో అందరికీ కంగారే. సాయంత్రానికి ఎవరో ఒకరు బండి తీసి మందుల షాపుకు వెళతారు. ‘చంటిపిల్లకు డైపర్ ర్యాష్ వచ్చింది, ఏదైనా మంచి క్రీమ్ ఇవ్వండి’ అంటారు. షాపులో కుర్రాడు ఒక చిన్న ట్యూబు తీసి ఇస్తాడు. పాపను చూసింది లేదు, వయసెంతని అడిగింది లేదు. అది రాసిన రెండో రోజుకల్లా ఎరుపు తగ్గిపోతుంది. ఇంకేముంది, ఆ ట్యూబు అల్మరాలో శాశ్వతంగా చోటు సంపాదించుకుంటుంది. మళ్లీ ఎరుపు కనిపిస్తే మళ్లీ అదే. పక్కింటి బాలింతకూ అదే సలహా.

నేను చెప్పదలచుకున్నది ఆ ట్యూబు గురించే. డైపర్ ర్యాష్ అన్నది చాలావరకు భయపడాల్సిన జబ్బు కాదు. కాస్త శ్రద్ధ పెడితే మూడు నాలుగు రోజుల్లో ఇంట్లోనే తగ్గుతుంది. కానీ దానికి మనం చేస్తున్న వైద్యమే ఒక్కోసారి అసలు జబ్బును మించిన జబ్బును తెచ్చిపెడుతోంది. పెదవేగి చుట్టుపక్కల ఊళ్ల నుంచి, దెందులూరు నుంచి, అటు కొల్లేటి లంకల నుంచి పిల్లల్ని ఏలూరు తీసుకొచ్చే తల్లులు చేతిసంచిలోంచి ఒకటి కాదు, రెండు మూడు ట్యూబులు తీసి బల్ల మీద పెడుతుంటారు. పెట్టె మీది చిన్న అక్షరాలు చదివితే చాలాసార్లు అందులో ఒక స్టెరాయిడ్ పేరు కనిపిస్తుంది. అది స్టెరాయిడ్ అని ఆ తల్లికి తెలియదు. తెచ్చిన తండ్రికీ తెలియదు. ఇచ్చినవాళ్లకు తెలుసో లేదో నేను చెప్పలేను.

అసలు డైపర్ కింద ఏం జరుగుతుందో తెలిస్తే ఆ ట్యూబు ఎందుకు అక్కర్లేదో మీకే అర్థమవుతుంది.

వరినాట్లప్పుడు రోజంతా బురదనీళ్లలో నిలబడ్డ ఆడవాళ్ల కాలివేళ్ల సందులు ఎలా అవుతాయో మీరు చూసే ఉంటారు. చర్మం నానిపోయి, తెల్లగా ఉబ్బి, కాస్త రాపిడికే లేచిపోతుంది. పాప పిరుదుల విషయంలో జరిగేదీ దాదాపు అదే. మొదట తడి చర్మాన్ని నానబెడుతుంది. నానిన చర్మాన్ని డైపరో, గుడ్డో రాపిడి పెడుతుంది. ఆ తర్వాత అసలు దెబ్బ కొట్టేది మలం. తిన్నది అరిగించడానికి పేగుల్లో ఊరే ఎంజైములు కొన్ని మలంతోపాటే బయటికొస్తాయి. అవి ప్రొటీన్లను, కొవ్వును కరిగించే రకం. మన చర్మపు పైపొర కూడా ప్రొటీన్, కొవ్వులతో కట్టిన గోడే కదా! పాలను అరిగించినట్టే ఆ గోడనూ నెమ్మదిగా అరిగించేస్తాయి.

మరి మూత్రం? దాని పాత్ర కొంచెం దొంగచాటుది. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. అదే దానికి కాపలా. మూత్రంలోని యూరియా, మలంలోని బ్యాక్టీరియా కలిసినచోట అమోనియా తయారవుతుంది. దాంతో ఆమ్లగుణం పోయి క్షారగుణం వస్తుంది. మలంలోని ఎంజైములు చురుగ్గా పనిచేయడానికి కావాల్సింది సరిగ్గా అదే. అంటే మూత్రం తనంతట తాను పెద్దగా కాల్చదు. మలానికి పదును పెడుతుంది. ఇది తెలియడానికి వైద్యులకు చాలా కాలమే పట్టింది. 1921లో కుక్ అనే అమెరికా వైద్యుడు అమోనియాయే పిల్లల చర్మాన్ని కాలుస్తోందని రాస్తే, యాభై ఏళ్లకు పైగా వైద్యలోకం అదే నమ్మింది. 1970ల చివర్లో ర్యాష్ ఉన్న పిల్లల్ని, లేని పిల్లల్ని పోల్చి చూస్తే అమోనియా ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. మలం, మూత్రం కలిసి చాలాసేపు చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండటమే అసలు కారణమని 80ల్లో జరిగిన ప్రయోగాలు తేల్చాయి.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిన మాట ‘ఎంతసేపు’ అన్నదే. ఎంతసేపు తడిగా ఉంది, ఎంతసేపు మలం అంటుకుని ఉంది.

ఈ ఒక్క మాట గుర్తుంటే ఇంట్లో సగం తగాదాలు తీరిపోతాయి. ‘ఆ దిక్కుమాలిన డైపర్లు కట్టబట్టే ఇలా అయింది, మా రోజుల్లో పాత నేతచీర చింపి గోచీ పెట్టేవాళ్లం, మీకేమైంది?’ అని అత్తగారు. ‘గుడ్డయితే తడిసిన ప్రతిసారీ పాప లేచి ఏడుస్తోందండీ, రాత్రి నిద్రే ఉండటం లేదు’ అని కోడలు. నిజానికి ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇప్పటి డైపర్లలో తడిని పీల్చి జెల్‌లా మార్చే పొడి ఉంటుంది. మూత్రం వరకు అయితే తడిసిన గుడ్డకన్నా అదే చర్మాన్ని పొడిగా ఉంచుతుంది. కానీ గుడ్డకు ఒక గొప్ప గుణం ఉంది. తడవగానే తెలిసిపోతుంది, వెంటనే మార్చక తప్పదు. డైపర్‌కు ఆ గుణం లేదు. పైకి పొడిగానే ఉంటుంది, లోపల దొడ్డికి వెళ్లిన సంగతి వాసన వస్తేగానీ తెలియదు. పన్నెండు గంటలు పొడిగా ఉంటుందన్న ప్రకటన మూత్రం గురించే. మలానికి పన్నెండు నిమిషాలు కూడా ఎక్కువే.

ఇంకో సంగతి ప్రకటనల్లో రాదు, డబ్బు. డైపర్ ఒక్కోటి పది రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. చంటిపిల్లకు రోజుకు ఆరేడు కావాలి. పామాయిల్ తోటలో గెలలు దింపే మనిషికి, రాలిన పళ్లు ఏరే ఆడకూలికి అది రోజుకూలిలో ఎంత భాగమో లెక్క వేసుకోండి. అందుకే చాలా ఇళ్లలో ఒకే డైపర్‌ను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, రాత్రి నుంచి తెల్లారేదాకా ఉంచేస్తారు. ఇది నిర్లక్ష్యం కాదు, పొదుపు. అలాంటి ఇంటికి నా సలహా, పగలంతా నూలుగుడ్డ, రాత్రికీ ప్రయాణానికీ డైపర్. రోజుకు రెండు డైపర్లు సకాలంలో మార్చి వాడితే, ఆరింటి ఖర్చు పెట్టలేక ఒక్కదాన్నే నానబెట్టడం కన్నా పాపకు నూరుపాళ్లు మేలు.

మన వాతావరణం కూడా తక్కువది కాదు. వేసవిలో ఏలూరు ఎండ, ఆపైన కొల్లేటి గాలిలోని తేమ. చెమట ఆరదు. ప్లాస్టిక్ పొర ఉన్న డైపర్ లోపల ఉక్కపోత ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఒంటికి చెమటకాయలు పేలినట్టే నడుము పట్టీ కిందా పేలతాయి. అది వేరే ర్యాష్, దానికి చల్లదనం ఒక్కటే మందు. వానాకాలంలో బాధ మరో రకం. గుడ్డలు ఆరవు. సగం ఆరిన గుడ్డ కట్టడం అంటే తడి గుడ్డ కట్టినట్టే. ఇంట్లో దండెం మీద ఆరేసిన గుడ్డలను ఒకసారి ఇస్త్రీ చేసి, చల్లారాక కట్టండి. సబ్బుపొడి పోయేదాకా రెండు మూడు నీళ్లలో జాడించండి. గుడ్డ మెత్తగా ఉండాలని వాసన ద్రవాలేవీ కలపకండి.

తల్లి తిండి గురించి కూడా ఒక్క మాట. పాపకు ఒరిసిందంటే ముందు తప్పు బాలింత మీదికే పోతుంది. ‘మామిడిపండు తిన్నావు, వేడి చేసింది’ అంటారు. నూజివీడు రసాలు ఊరంతా తింటుంటే ఆమె నోరు కట్టుకుని కూర్చోవాలి. తల్లి తిన్న మామిడిపండుకూ పాప పిరుదుల ఎరుపుకూ సంబంధం లేదు. పైగా తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలంలో ఆ ఎంజైముల పదును తక్కువ. డబ్బాపాలు తాగే పిల్లలతో పోలిస్తే వాళ్లకు ఈ బాధ తక్కువగానే వస్తుంది. ఆరు నెలలు నిండి అన్నం, పప్పు మొదలుపెట్టాక మలం తీరు మారుతుంది. తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య ర్యాష్ ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం. సరిగ్గా అదే సమయంలో పళ్లు కూడా వస్తుంటాయి కాబట్టి పాపం నెపం వాటి మీదికి పోతుంది!

ఇక చేయాల్సింది ఏమిటి? ముందు గాలి తగలనివ్వండి. మొలతాడు ఒక్కటే కట్టి పిల్లల్ని వాకిట్లో పాకనిచ్చిన మన పాత అలవాటు డబ్బు ఖర్చు లేని వైద్యం. చైనాలో పిల్లలకు కూర్చోగానే అడుగున తెరుచుకునే చీలిక నిక్కర్లు తొడిగే అలవాటు తరతరాలుగా ఉంది, వాళ్ల ఉద్దేశమూ ఇంచుమించు ఇదే. వేంగి రాజులు పెదవేగి నుంచి ఏలిన రోజుల్లోనూ ఇక్కడి పిల్లలు అలాగే తిరిగి ఉంటారనుకుంటాను. ర్యాష్ ఉన్నన్ని రోజులు పూటకు అరగంట చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు, కింద పాత దుప్పటి మడిచి వేసి, పాపను ఏమీ కట్టకుండా పడుకోబెట్టండి. దుప్పటి తడుస్తుంది, తడవనివ్వండి.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, మెత్తని నూలుగుడ్డ చాలు. ప్రతిసారీ సబ్బు వద్దు. రుద్దొద్దు, అద్దండి. వెట్ వైప్స్ వాడాల్సివస్తే వాసన లేనివి, స్పిరిట్ లేనివి చూసుకోండి. చర్మం చిట్లి ఉంటే అవీ మానేయండి. నీళ్లు పోయడమే హాయి. పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీమ్‌ను కానీ, మామూలు పెట్రోలియం జెల్లీని కానీ మందంగా పూయండి. మందంగా అంటే గోడకు సున్నం కొట్టినంత. పని చేసేది మందు గుణం కాదు, ఆ పొర. మలానికీ చర్మానికీ మధ్య అడ్డుగోడ అది. అందుకే ప్రతిసారీ దాన్ని గీకి తీసేయకండి. పైన అంటిన మలం వరకు తుడిచి, మళ్లీ దాని మీదే పూయండి. చాలామంది తల్లులు చేసే పొరపాటు ఇక్కడే, కొంచెం తీసి పల్చగా రాసి, తర్వాతిసారి మొత్తం రుద్ది కడిగేస్తారు. పొర పోతుంది, దాంతోపాటు కొత్తగా వస్తున్న చర్మమూ పోతుంది.

అమ్మమ్మలు ఆముదం రాస్తామంటే నేను కాదనను. బ్రిటన్‌లో దశాబ్దాలుగా డైపర్ ర్యాష్‌కు వాడే క్రీమ్ ఒకటుంది, అది జింక్, ఆముదం కలిపి చేసిందే. కొబ్బరినూనె కూడా ఫర్వాలేదు, కానీ పల్చన కాబట్టి ఎక్కువసేపు నిలవదు. చిట్లిన చర్మం మీద పసుపు, సున్నిపిండి, వేపాకు ముద్ద మాత్రం వద్దు. సాంబ్రాణి పొగతో ఆరబెట్టడం అసలే వద్దు. ఒరిసిన చోటికి దానివల్ల లాభం లేదు, ఊపిరితిత్తులకు మాత్రం నష్టం ఉంది.

పౌడర్ సంగతి. ‘పొడిగా ఉండాలన్నారుగా’ అని డబ్బా వంచేస్తారు. పౌడర్ చెమటతో, మూత్రంతో కలిసి ముద్దలు కట్టి తొడల సందుల్లో ఇసుకలా గీస్తుంది. గాలిలో లేచిన పొడి పాప ముక్కులోకి పోతుంది. బేబీ పౌడర్‌కు మారుపేరైన జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీయే ప్రపంచవ్యాప్తంగా టాల్క్‌తో చేసే బేబీ పౌడర్‌ను 2023లో ఆపేసింది. దాని వెనక వేల కేసులున్నాయి, ఆ చర్చ వేరు. పాపకు పౌడర్ అవసరమే లేదన్నది నా మాట. మరొకటి, క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌ను ‘పుండ్లు ఆరతాయి’ అని పిల్లలకు వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చిట్లిన చర్మం గుండా అది ఒంట్లోకి వెళ్లి పసిపిల్లలు చనిపోయిన ఉదంతాలు గత శతాబ్దం మధ్యలోనే వైద్యపత్రికలకు ఎక్కాయి. ఇంట్లో ఉంటే బయట పారేయండి.

మూడు రోజులు ఇవన్నీ చేసినా తగ్గకపోతే? అప్పుడు ఫంగస్‌ను అనుమానించాలి. క్యాండిడా అనే ఈ ఫంగస్‌కు వెచ్చదనం, చెమ్మ, నానిన చర్మం ఉంటే పండగే. గుర్తుపట్టడం అంత కష్టం కాదు. మామూలు ఒరుపు డైపర్ తాకే ఎత్తు భాగాల మీద, అంటే పిరుదుల గుండ్రని చోట, పొట్ట కింద, తొడల మీద ఉంటుంది. మడతలు పెద్దగా చెడవు. ఫంగస్ అందుకు విరుద్ధం, నేరుగా మడతల్లోకే దూరుతుంది. గజ్జల్లో ముదురు ఎరుపు, దాని చుట్టూ విడివిడిగా చిన్న చిన్న ఎర్రటి పొక్కులు. పెద్ద ఊరి చుట్టూ శివారు పేటలు ఉన్నట్టు ఉంటాయి. పాప నాలుక మీద, బుగ్గల లోపల తుడిస్తే పోని తెల్లపూత ఉందేమో కూడా చూడండి. ఈమధ్యే జ్వరానికో, దగ్గుకో యాంటీబయాటిక్ వాడిన పిల్లల్లో ఇది ఎక్కువ. దీనికి క్లోట్రిమజోల్, మైకొనజోల్ వంటి ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీమ్‌ను డాక్టర్ రాస్తారు. ‘ఒక్కటే ఉన్న’ అన్నమాటకు కింద గీత గీసుకోండి. అసలు గొడవ ఇక్కడే.

ఆ ట్యూబులో ఏముంది?

షాపుల్లో సులువుగా చేతికి వచ్చే ట్యూబులో సాధారణంగా మూడు రకాల మందులు కలిసి ఉంటాయి. ఫంగస్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, ఎరుపు తగ్గడానికి ఒక స్టెరాయిడ్. ‘ఏ రోగమైతేనేం, ఏదో ఒకటి తగులుతుందిలే’ అన్న లెక్క. గురి చూడకుండా గుప్పెడు రాళ్లు విసరడం లాంటిది. రెండో రోజుకల్లా ఎరుపు మాయం చేసే ఘనత స్టెరాయిడ్‌దే. అయితే అది మంటను అణిచివేస్తుంది, కారణాన్ని కాదు. ఫంగస్ ఉంటే అది కింద చల్లగా పెరుగుతూనే ఉంటుంది. మందు ఆపగానే రెట్టింపై బయటికొస్తుంది. మళ్లీ ట్యూబు. ఈ చక్రంలో నెలలు గడిచిపోతాయి.

ఈలోపు పాప ఒంట్లోకి ఎంత స్టెరాయిడ్ పోతోందో ఆలోచించండి. చర్మం అన్నిచోట్లా ఒకే మందం కాదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు పెద్దవాళ్లలో కొలిచి చూస్తే, ముంజేతి మీద రాసిన దానికన్నా వృషణాల చర్మం మీద రాసిన హైడ్రోకార్టిజోన్ 42 రెట్లు ఎక్కువగా ఒంట్లోకి వెళ్లింది. అది పెద్దవాళ్ల మాట. పసిపిల్లల్లో బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. ఆ చర్మం ఒరిసి, చిట్లి ఉంది. పైన గాలి చొరబడని డైపర్. చర్మవైద్యులు మందు బాగా లోపలికి దిగాలనుకున్నప్పుడు పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి కట్టు కడతారు. డైపర్ చేసే పని అచ్చం అదే. రోజంతా, ప్రతిరోజూ.

డైపర్ కింద రాసింది పైపైనే ఉండిపోతుందనుకోవడం ఎంత తప్పో ఫ్రాన్స్‌కు 1972లో తెలిసొచ్చింది. మొరాంజ్ అనే పేరుతో అమ్మిన పిల్లల టాల్కమ్ పౌడర్‌లో, తయారీలో జరిగిన పొరపాటు వల్ల హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారక రసాయనం ఆరు శాతానికి మించి కలిసిపోయింది. 204 మంది పిల్లలు జబ్బుపడ్డారు, 36 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లెవరూ దాన్ని మింగలేదు. ఒంటికి చల్లారంతే.

స్టెరాయిడ్ అంత వేగంగా ప్రాణం తీయదు, అందుకే మనకు భయం లేదు. ముందు అక్కడి చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు గీతల్లా కనిపిస్తాయి. కొందరిలో పిరుదుల మీద ఊదారంగు గడ్డలు లేస్తాయి. గాఢత ఎక్కువున్న స్టెరాయిడ్లను డైపర్ కింద వాడిన పిల్లల్లో వీటిని 1970ల మొదట్లోనే యూరప్ చర్మవైద్యులు వర్ణించారు. క్లోబెటసాల్ లాంటి ఘాటైన రకాన్ని నెలల తరబడి రాస్తే పాప ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది, బుగ్గలు జారతాయి, బీపీ పెరుగుతుంది, ఎదుగుదల ఆగుతుంది. చూసినవాళ్లు ‘పాప బొద్దుగా భలే ఉంది’ అంటారు. వైద్యులు దీన్ని కుషింగ్ సిండ్రోమ్ అంటారు. ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి. ఆ స్థితిలో మామూలు జ్వరమో, విరేచనాలో వచ్చినా పాప తట్టుకోలేదు.

స్టెరాయిడ్ అంటేనే విషమని నేననడం లేదు. ఎరుపు, వాపు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు పిల్లల డాక్టరో, చర్మ డాక్టరో అన్నిటికన్నా తేలికైన ఒక శాతం హైడ్రోకార్టిజోన్‌ను కొద్ది రోజులకు రాయొచ్చు. ఎన్ని రోజులు, ఎంత పల్చగా అన్నది వాళ్లు చెబుతారు. తేడా అంతా చూసి రాయడానికీ, చూడకుండా ఇవ్వడానికీ మధ్యే.

చట్టం లేదా అంటే ఉంది. ఒకప్పుడు చర్మానికి రాసే స్టెరాయిడ్లకు చీటీ నిబంధన నుంచి మినహాయింపు ఉండేది. దేశంలోని చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ మినహాయింపును తీసేసింది. 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంది. అదే ఏడాది సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ మందుల్లోనూ స్టెరాయిడ్ కలిపిన చర్మపు క్రీములు ఉన్నాయి. కాగితం మీద అంతా బాగానే ఉంది. కౌంటర్ దగ్గర మాత్రం అడిగినవాళ్లకు అడిగినన్ని. బీపీ బిళ్లకు చీటీ అడిగే షాపుల్లో కూడా పూతమందు అంటే సబ్బుతో సమానం.

ఔషధ తనిఖీ అధికారులు పట్టుకునేదాకా మీరు ఆగనక్కర్లేదు. ట్యూబు పెట్టె చేతికి రాగానే మందుల పేర్లు చదవండి, ఇంగ్లిష్ రాకపోతే పక్కన చదువుకున్న పిల్లలెవరితోనైనా చదివించండి. పేరు చివర ‘సోన్’ అని కానీ, ‘బెటసాల్’ అని కానీ ఉంటే అది స్టెరాయిడ్ అనుకోండి. బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, హాలోబెటసాల్. డాక్టర్ రాయని చీటీ మీద వీటిలో ఏదైనా వస్తే అక్కడే తిరిగి ఇచ్చేయండి, జింక్ ఆక్సైడ్ ఒక్కటే ఉన్నది అడగండి.

నాకు ఒక ఆశ ఉంది. మన ఊళ్లలో బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలకు పాపను తీసుకెళ్లని తల్లి ఇప్పుడు దాదాపు లేదు. చిన్నపిల్లలకు సూది వేసేది తొడకే. అంటే ఏఎన్‌ఎం అమ్మ ఎదుట ఎలాగూ పాప బట్టలు విప్పుతారు. అప్పుడే ఒక్క నిమిషం తొడల మడతలు విప్పి చూసి, ‘ఏం రాస్తున్నావమ్మా?’ అని అడిగితే చాలు. జింక్ క్రీమ్‌ను టీకా కేంద్రంలో ఉచితంగా ఇవ్వడం ప్రభుత్వానికి మోయలేని భారం కాదు. ఆశా కార్యకర్త పుట్టిన బిడ్డను చూడటానికి ఇంటికి వెళ్లినప్పుడు బరువు, బొడ్డు చూస్తుంది కదా, దాంతోపాటు అల్మరాలోని ఆ ట్యూబును కూడా చూడాలి. ఊళ్లో ముందుగా అందరూ పరిగెత్తేది ఆర్‌ఎంపీ దగ్గరికే. వాళ్లను తిట్టి లాభం లేదు. ఏది రాయొచ్చో, ఏది రాయకూడదో వాళ్లకూ కూర్చోబెట్టి చెప్పాలి. మందుల షాపులవాళ్ల సంఘాలకూ అంతే.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంటి వైద్యంతో రోజులు గడపకండి. చీము పొక్కులు, నీటి బొబ్బలు, తేనెరంగు పక్కులు, రక్తం, జ్వరం. నెల లోపు పసిగుడ్డు అయితే బొబ్బ ఒక్కటి కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. విరేచనాలవుతూ ఒరిసిపోతే ముందు విరేచనాల సంగతి చూడాలి. ఓఆర్‌ఎస్‌తోపాటు పీహెచ్‌సీలో ఇచ్చే జింక్ బిళ్లలు 14 రోజులూ పూర్తిగా వేయండి. అరుదే కానీ, పిరుదులతోపాటు నోటి చుట్టూ, వేళ్ల మీద కూడా ఎర్రటి పుండ్లు వచ్చి, జుట్టు రాలుతూ, విరేచనాలు ఆగకపోతే ఒంట్లో జింక్ లోపం ఉండొచ్చు. దానికి ఏ క్రీమూ పనిచేయదు, నోటి ద్వారా జింక్ ఇస్తే రోజుల్లోనే తేడా కనిపిస్తుంది.

ఇప్పటికే ఆ ట్యూబును వాడుతున్నవాళ్లు కంగారుపడకండి. రెండు మూడు రోజులే రాసి ఉంటే ఆపేసి, పైన చెప్పినట్టు చేయండి. వారాలు, నెలల తరబడి రాస్తున్నట్టయితే మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, అడ్రినల్ గ్రంథులు మళ్లీ మేలుకోవడానికి సమయం కావాలి. పాపను పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్నిసార్లు రాస్తున్నారో దాచకుండా చెప్పండి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును, దాని పెట్టెను, అయిపోయి మూలన పడేసిన పాతవి ఉంటే వాటిని కూడా సంచిలో వేసుకుని వెళ్లండి.